సందమామకి నంబరు

కాదండీ కృష్ణంరాజుగారూ, నాకర్థం కాక అడుగుతన్నాను. ఒక బొమ్మ తెచ్చి ట్రేడ్‌మార్కు రిజిస్టరు సేయించండని మీ సేతిలో పెడితే, కోడిని కోసినట్టు కోసి రెక్కలో పక్క, కాళ్ళో పక్క పెట్టేశారేటి?

మళ్ళీ మొదట్నించీ సెప్పకండి, నాకు తెలిసింది. ప్యాకెట్ల మీద గుర్తులు ఒకదానికొకటి కలుస్తన్నాయో లేదో ఎదకడానికి, గుర్తులో ఏ బొమ్ముంటే ఆ బొమ్మకో నంబరేస్తారు. వియన్నా అనే ఊళ్ళో పెద్దోళ్ళు కూర్చుని ఆ పుస్తకం రాసుకున్నారంట. ఆళ్ళకి మా జాలరిపేట ఎక్కడుందో తెలీదు గానీ, ఈ జాలరిపేట సూర్యకళ బొమ్మలో ఏటుంటాదో ముందే తెలిసిపోయింది. గొప్పోళ్ళండీ.

సందమామ మొదటి వరస. బాగుంది, ఆకాశం కదా. రెండో వరస మనుషులు. అందులో మగోళ్ళు ముందు, ఆడోళ్ళు తరవాత, ఆపైన పిల్లలు. వియన్నాలో కూడా మా పేట పంచాయితీ లాగే కూర్చోబెడతారన్నమాట. సేప మూడో వరస, ఏనుగులతో, కుక్కలతో కలిపి. మా పడవైతే లారీలూ విమానాలూ ఉన్న వరసలో.

నీళ్ళలో సందమామ నీడని, బొమ్మేసినాయన గుండె ఆకారంలో గీసినాడు కదండీ. అది ఏ వరసో అని నాను రాత్రంతా అనుకున్నాను. పువ్వుల్లో పెడతారా, నక్షత్రాల పక్కన పెడతారా అని. మీరు కళ్ళజోడు సర్దుకుని ఏటన్నారు? గుండె మనిషి అవయవమమ్మా, సెయ్యి, కాలు, ముక్కు ఉన్న సోట ఉంటాది అన్నారు. ముక్కు పక్కన పెట్టేశారు నా గుండెని.

నవ్వండి, నవ్వండి. నవ్వే హక్కు మీకున్నాది.

మీకు తెలీని సంగతొకటి సెప్తాను. మా అమ్మ సిట్టమ్మ ఎండబెట్టిన మెత్తళ్ళు, రొయ్యలు ఇన్నాళ్ళూ గంపలోనే అమ్ముడయ్యాయి. ఎంవీపీ కాలనీలో సూపర్ మార్కెట్టాయన, ప్యాకెట్ కట్టి మీ గుర్తేసి తెస్తే అరలో పెడతానన్నాడు. గుర్తు కోసం కూర్మన్నపాలెం వెళ్ళినాను. అక్కడ ఫ్లెక్సీల షాపులో బొమ్మలేసే నాగవంశీ ఉన్నాడు. పొద్దున్న పుట్టినరోజు ఫ్లెక్సీ, సాయంత్రం శ్రద్ధాంజలి ఫ్లెక్సీ, మధ్యలో నాను.

సేపల ప్యాకెట్టుకి సేప బొమ్మ సాలన్నాను. ఆయన నన్నొక్కసారి సూసి, సేపని ఎవరైనా గీస్తారు, సేప కోసం ఒడ్డున ఎదురు సూసే అమ్మాయిని ఎవరు గీస్తారు అన్నాడు. మరి నాను పదో తరగతి తప్పిన దాన్ని. ఇలాటి మాట మా పేటలో ఎవడూ అనడు. మా పేటలోళ్ళు, ఎండలో నిలబడకే నల్లబడతావ్ అంటారు, అంతే.

వారం పోయాక బొమ్మ సూపించినాడు. నిండు సందమామ, తెరసాప ఎత్తిన పడవ, ఒడ్డున పక్కకి తిరిగి నిలబడ్డ అమ్మాయి, గాలికి ఎగిరే జుట్టు, పాదాల దగ్గర ఒక్క సేప. ఇది నువ్వే సూర్యా, ఇలగ ఇంకెవరికీ గీయలేదు, గీయను అన్నాడు. శ్రావణంలో మా అమ్మని అడగడానికొస్తానన్నాడు. బస్సులో తిరిగొస్తంటే స్టీలు ప్లాంటు పొగ కూడా మబ్బులాగే కనబడింది నాకు.

మా అమ్మ బొమ్మ సూసి ఒకటే అడిగింది. ఏటే, తెరసాప గాలికి అటు ఉబ్బింది, నీ జుట్టు ఇటు ఎగురుతన్నాది, ఒకే సముద్రం మీద రెండు గాలులేటి అంది. ఆ మాట నాగవంశీకి సెప్తే, ప్రేమకి దిక్కులుంటాయేటి సూర్యా అన్నాడు. ఆ రోజు నాను అన్నం తినలేదండి, ఆ మాటతోనే కడుపు నిండిపోయింది.

అలాటి బొమ్మండీ అది. అది నాదైతే ఆయన నావాడే అనుకున్నాను. అందుకే దరఖాస్తు పంపేయండి అని మీ పేణం తీసినాను. మీరేమో ఆగమ్మా, ముందు నంబర్లు కొట్టి ఎదికి సూద్దాం అన్నారు. సందమామ, ఆడమనిషి, పడవ, సేప, గుండె. మీరు లాటరీ టిక్కెట్టు సదివినట్టు సదివితే, నాను పెళ్ళి శుభలేఖ ఇన్నట్టు ఇన్నాను.

మొన్న ఆ కంప్యూటరు మీవైపే ఉంచుకోవాల్సింది. నావైపెందుకు తిప్పారు?

ముందే రిజిస్టరైపోయిన రెండు బొమ్మలు. ఒకటి భీమిలి అనూరాధది, రొయ్యల పచ్చడి. ఒకటి పెందుర్తి ఫెబాది, సేపల పచ్చడి. అదే సందమామ, అదే పడవ, అదే సేప. ఏదో కలిసింది, ఊళ్ళో సందమామ ఒక్కటే కదా అనుకుందును. కానీ తెరసాప అటు, జుట్టు ఇటు. రెండిట్లోనూ. ఆ తప్పు ఒక్కడే సేస్తాడండీ.

అందులోనే పేరూ ఊరూ ఉన్నాయి. భీమిలి ఎంత దూరం? బస్టాండు పక్క పచ్చళ్ళ కొట్టు ఏదని అటెళ్ళే మా పేటోళ్ళని అడిగి, నంబరు సంపాదించి, నిన్న ఫోన్ సేసినాను. అనూరాధ తిడతాదనుకున్నాను. బొమ్మ సంగతి సెప్పగానే ఆవిడ, ఏటమ్మా, నీకూ రెండు గాలులేసినాడా అంది.

ఆవిడా సేపలోళ్ళ ఆడపిల్లేనండి. ఆవిడా అడిగిందంట గాలి సంగతి. ఆవిడకీ అదే సెప్పినాడంట, ప్రేమకి దిక్కులుంటాయేటి అనూ అని. పేరొక్కటే మార్సినాడు. ఫ్లెక్సీలో ఫొటో మార్సినట్టు.

లేదండీ, ఏడవటం లేదు. మీ ఫ్యాను గాలికి.

పోట్లాడదామంటన్నారు, మన బొమ్మలో ఏటన్నా తేడా ఉంటే సూపిద్దామంటన్నారు. నానూ అదే ఆశతో వచ్చినానిందాక. అమ్మాయి పెదవి పక్కన పుట్టుమచ్చ సూడండి, అది నాదే అని ఏలు పెట్టి సూపించినాను కదా. మీరు ఆ రెండు బొమ్మలూ పెద్దవి సేసినారు. రెండిట్లోనూ ఉన్నాది, అదే సోట. పోనీ, మచ్చకి మీ పుస్తకంలో వరసుందా అంటే, దానికో నంబరు లేదమ్మా అన్నారు.

పోట్లాట వద్దండి. కొట్టేయండా బొమ్మని. సందమామని ఆకాశానికి ఇచ్చేయండి, పడవని లారీల్లో కలిపేయండి. గుండె, సెయ్యి ఒకే వరసన్నారు కదా? అయితే సెయ్యే పెట్టండి, అది పని సేస్తాది. మా అమ్మ రెండు సేతులూ, ఉప్పులో మెత్తళ్ళు కలుపుతున్నట్టు. గీయడానికి ఎవరూ అక్కర్లేదు, నానే ఫోన్‌లో ఫొటో తీసుకొస్తాను. అందులో గాలి ఉండదు.

నాగవంశీతోనా? ఏటీ మాటాడలేదు. ఏటి మాటాడను? ఆయనకి నా మొహం ఎప్పుడు తెలిసింది కనక.

అలగ సూడకండి. ఆ, ఈ మచ్చే.

అనూరాధ కూడా అడిగింది, నీకా మచ్చ నిజంగా ఉన్నాదా, నాకైతే లేదు అని. నాకున్నాది అని సెప్పీసినాను.

లేదండి నాకు. బొమ్మలో సూసి, ఇదేటి అన్నాను. ఉంటే ఇంకా బాగుంటావని పెట్టినాను అన్నాడు. ఆ మర్నాటి నించి రోజూ కాటుకతో దిద్దుకుంటన్నాను. మా అమ్మ దిష్టిసుక్క అనుకుంటాది. ఇవాళ కూడా, ఇంత తెలిసీ, అద్దం ముందు నిలబడి పెట్టుకునే వచ్చినాను. ఏ ఊరి పిల్ల మచ్చో పాపం.

ఆ నీళ్ళ గ్లాసు ఇలగివ్వండి. తాగడానికి కాదు.

పోయిందేటి, సూడండి?