పదకొండు వేల కిలోమీటర్లూ రెండంగుళాలూ

దర్జీ నోట్లో గుండుసూదులున్నంతసేపే ఆ వీధికి ప్రశాంతత. ఆ మధ్యాహ్నం వాటినీ తీసి పక్కన పెట్టేశాడు. కారణముంది. చెల్లెలు అల్లిన లేసు దుప్పటి దూరదేశపు ప్రదర్శనకి ఎంపికైంది. తోడుగా ఒకర్ని తెచ్చుకోమని, పేరు చెబితే రెండో టిక్కెట్టూ పంపుతామని ప్రదర్శనవాళ్లన్నారు. సాయంత్రంలోగా చెప్పాలి. ఆ టిక్కెట్టు మీద దర్జీకెంత ఆశంటే, పొద్దుట్నించీ రెండు చొక్కాలకి కాలర్లు తలకిందులుగా వేశాడు. చెల్లెలికేమో విమానమంటే గుండెదడ. అలవాటున్న మనిషే తోడు రావాలని పట్టు.

"అలవాటా! ఆ దారిలో ఒకసారి వెళ్లొచ్చినవాణ్ణే చెల్లాయ్."

బొత్తాలు కుడుతున్న భార్య తలెత్తి చూసి, మళ్లీ దించుకుంది.

"ఎప్పుడు మేస్త్రీ?" అన్నాడు ఎదురుకొట్టులో గడియారాలు బాగుచేసే ఆయన, స్టూలు లాక్కుంటూ.

"నువ్వీ వీధికి రాకముందు. పైలట్ మైకులో దూరం పదకొండు వేల కిలోమీటర్లన్నాడు. ఎవడో నోటిమాటగా చెబితే నేను కత్తెర పెడతానా? నేనే కొలిచా."

"అయిదడుగుల టేపుతోనా?"

"దారంతోనయ్యా! ఎక్కేముందే కొస గేటుకి ముడేసి, దారి పొడుగునా వదులుకుంటూ పోయా. సముద్రం మధ్యలో రీళ్లయిపోయాయి. అప్పుడేం చేశానో చెప్పుకో చూద్దాం? మూడొందల మంది స్వెటర్లూ విప్పించా! దిగి లెక్క చూస్తే, పదకొండు వేల కిలోమీటర్లూ రెండంగుళాలు."

"ఆ రెండంగుళాలేంటి?"

"కుట్టులోకి వదలద్దూ!"

చెల్లెలు మాత్రం నవ్వలేదు. "పద్నాలుగు గంటలు గాల్లో వేలాడాలట అన్నయ్యా. తల్చుకుంటేనే వెళ్లాలనిపించడం లేదు."

ఎక్కడ ప్రయాణమే మానేస్తుందోనని దర్జీ గతుక్కుమన్నాడు.

"పిచ్చిదానా, అది పాతమాట! ప్యాంటు పొడుగైతే ఏం చేస్తాం? మడిచి కుడతాం. తిరుగు ప్రయాణంలో రెక్క మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, సముద్రాన్ని ఇలా దగ్గరికి లాగి, మడతేసి కుట్టిపారేశా. రెండు ఓడలు మడతలో ఇరుక్కుంటే సూదిమొనతో పైకి లేపా కూడాను. ఇక్కడ తుమ్మి విమానమెక్కితే, రెండో తుమ్ము అక్కడ దిగాకే!"

"అంటే ఎంతసేపు?" అన్నాడు గడియారాలాయన.

"నాలుగు నిమిషాలు. నీ గడియారాల మీదొట్టు!"

చెల్లెలు గుండె మీద చెయ్యేసుకుని నిట్టూర్చింది. పెదవి చివర మాత్రం నవ్వు కదిలింది.

"అమ్మయ్య, బతికించావు! నాలుగు నిమిషాలకి అలవాటున్న మనిషెందుకు? కళ్లు మూసుకుంటే సరి. వదినా, నీ పేరిచ్చేస్తున్నా."

"ఆగాగు! కుట్టు ఊడిపోయుండొచ్చు!"

"నీ కుట్టు ఊడ్డమా? ఎంతమాట అన్నయ్యా!" అంటూ ఫోను చెవికి పెట్టుకుంది.

భార్య పళ్లతో దారం తెంపి, మొగుడి వైపు ఎంతో వినయంగా తిరిగింది.

"ఏవండీ, అక్కడ వానలెక్కువా? గొడుగు పెట్టుకోనా?"

"నాకేం తెలుసు? నేనెప్పుడు వెళ్లి చచ్చాను!" అని కసిరాడు దర్జీ.

గడియారాలాయన నవ్వాపుకోలేక స్టూలు మీంచి జారాడు. చెల్లెలు ఫోన్లో వదిన పేరు అక్షరం అక్షరం చెబుతూనే ఉంది.