ఆలస్యంగా పేలే తూటాలు

కెంటకీ కొండల్లో, ఈలై కాడిల్ కొట్టు ముందు బెంచీ మీద ఓర్విల్ స్టాంపర్ కూర్చున్నాడంటే, ఇక మిగతా వాళ్ళం కాఫీ తాగడానికే నోరు తెరవాలి. ఆ రోజు ఆయన మరదలు డెలోరిస్ కూడా వచ్చింది. ఆవిడ మొగుడు వెర్నన్ వసంతంలో పోతూ ఒక ఆకుపచ్చ రేకు డబ్బా మిగిల్చాడు. కొరియా యుద్ధం నాటి తూటాలు, సైన్యం అమ్మేస్తుంటే కొన్నవి, సీలు కూడా తీయనివి. అలాంటివి పోగుచేసే ఆయనెవరో లెక్సింగ్టన్ నుంచి శనివారం వస్తానన్నాడు. ఇటు చూస్తే వేట సీజను మొదలైంది, ఆవిడ ఇంట్లో మాంసం ముక్క లేదని విన్నాం. కాల్చుకోవాలా, అమ్మడానికి దాచాలా అని మా అందరి చర్చ.

"కాల్చకు అమ్మాయ్," అన్నాడు ఓర్విల్. "అనుభవించినవాణ్ణి చెబుతున్నా. నా దగ్గరా అలాంటి డబ్బానే ఉండేది. కాల్చనా, దాచనా అని మూడు వారాలు తిండి సహించలేదు. చివరికి ఒక్కటి పెట్టి, సీసా కేసి గురిచూసి నొక్కా. టిక్కుమంది. అంతే! పొగా లేదు, మోతా లేదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టా. అయిదుకి ధడేల్!"

"పాతవి ఎప్పుడైనా కాస్త ఆలస్యం చేస్తాయిలే," అన్నాడు ఈలై.

"విన్నారా, ఒప్పుకున్నాడు! రెండోది నొక్కా, టిక్కుమంది. తుపాకీ కంచెకి ఆనించి, ఇంట్లోకెళ్ళి, రెండు గుడ్లు వేయించుకు తిని, మూతి తుడుచుకుని వచ్చి, మళ్ళీ భుజానికెత్తానో లేదో, ధడేల్! సీసా తుక్కుతుక్కు."

"తుపాకీని అలా వదిలేసి పోయావా?" అన్నాను.

"మరి గుడ్లెవరు వేయిస్తారు, మీ ఆవిడా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడోది శుక్రవారం నొక్కా. శనివారం కూడా ఉలుకూ పలుకూ లేదు. ఆదివారం బండిలో పడేసి చర్చికి వెళ్ళా. పాస్టరు గారు 'పాపాత్ములారా' అన్నారో లేదో, బయట ధడేల్! పదకొండు మంది అక్కడికక్కడే మోకాళ్ళ మీద పడి పాపాలు ఒప్పేసుకున్నారు. పాస్టరు గారు నన్ను పక్కకి పిలిచి, వచ్చే ఆదివారానికి ఇంకోటి ఉందా అని అడిగారు!"

ఈలై కాఫీ పొలమారి దగ్గాడు. డెలోరిస్ మాత్రం బుద్ధిగా వింటోంది.

"నాలుగోది చెబితే నమ్మరు. సీజను ఆఖరి రోజు నొక్కా. చలి పోయింది, మొక్కజొన్న వేశాం, కోశాం. మరుసటేడు సీజను మొదటి రోజు, పొద్దు కొండెక్కగానే ధడేల్! సరిగ్గా అప్పుడే అటు పోతున్న పన్నెండు కొనల కొమ్ములున్న దుప్పి కూలిపోయింది. వేట అధికారి పరిగెత్తుకొచ్చాడు. నొక్కింది పాత లైసెన్సు మీద, పడింది కొత్త లైసెన్సు మీద. ఆ పుస్తకం, ఈ పుస్తకం తిరగేసి, తేలక, నా తుపాకీకి సెల్యూట్ కొట్టి వెళ్ళిపోయాడు!"

ఓర్విల్ గొంతు తగ్గించాడు. "అందుకని అమ్మాయ్, ఆ లెక్సింగ్టన్ వాడికి ఇచ్చావంటే ఏ పాపమో చుట్టుకుంటుంది. వాటి గుణం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. వెర్నన్ నా సొంత తమ్ముడు. డబ్బా నా దగ్గర పెట్టు."

అందరం డెలోరిస్ వైపు చూశాం. ఆవిడ సంచిలోంచి ఫ్లాస్కు తీసింది.

"ఈలై, కాసిన్ని వేడినీళ్ళు పొయ్యవూ? ఇంట్లో గ్యాసు అయిపోయింది. తుపాకీ గొట్టం కడగాలి. ఆ పాత తూటాల మందు కాలాక గొట్టంలో వేడినీళ్ళు పొయ్యకపోతే తుప్పు పట్టేస్తుంది."

"కా... కాల్చేశావా?" అన్నాడు ఓర్విల్.

"పొద్దున్నే, బావగారూ. మీ తమ్ముడు ఇరవై ఏళ్ళు ఆ డబ్బా తుడుచుకుంటూ కూర్చున్నాడే గానీ ఒక్కటీ కాల్చి ఎరగడు. ఆయన పేరు మీద ఏడు కాల్చా. ఆరు సీసాల మీద, ఏడోది దుప్పి మీద. ఏడూ నొక్కగానే పేలాయి. మిగతావి లెక్సింగ్టన్ ఆయనకి. సీలు తీసినా పర్లేదన్నాడు."

ఓర్విల్ ఖాళీ కప్పులోంచి ఓ గుక్క తాగాడు. ఆవిడ ఫ్లాస్కు మూత బిగించి, మెట్ల దాకా వెళ్ళి ఆగింది.

"అన్నట్టు బావగారూ, పోయినేడు మా కంచె దగ్గర, ముప్పై అడుగుల్లో నిలబడ్డ దుప్పిని మీరు కొడితే తగల్లేదు కదా. ఆ తూటా కూడా ఇలాంటిదేనా? ఇంకా రావాల్సి ఉంటే చెప్పండి, ఇవాళ గొడ్లని బయటికి వదలను."