పెద్ద డ్రమ్ము దెబ్బ

ఆర్కే బీచ్‌లో చీకటి పడుతుండగా బ్యాండు వాయిస్తున్నారు. బాణసంచా పనిలో సగం వినికిడి పోగొట్టుకున్న ఒకాయన, పక్కనున్న బావ మాటలు వినడానికి కుడి చెవి అతని వైపు వంచి కూర్చున్నాడు.

“మన నూకరత్నం ఎక్కడుంది బావా?” అని ఆ బావ అడిగాడు.

“అదిగో, సముద్రంలో ఆ బార్జి మీద. ఈరోజు బాణసంచా పేల్సే బటన్లు నొక్కీది నా కూతురొక్కత్తే.”

“అంత దూరం బ్యాండు వినిపిస్తాదేటి?”

“వినిపిస్తాది. అదే వచ్చిన తంటా. సప్పుడు అక్కడికెళ్ళీసరికే ఆలీసమైపోతాది. అది విని నొక్కితే మన పేలుడు ఇక్కడికి ఇంకా ఆలీసంగా వస్తాది. మొదటిసారి నానలాగే నొక్కీసి నవ్వులపాలైపోనాను.”

“మరెలాగ?”

“సెవుల్లో దూది ఎట్టుకోమన్నాను. దుర్భిణీలో బ్యాండ్‌మాస్టర్ సెయ్యి సూసి, మన పేలుడు ఇక్కడ పెద్ద డ్రమ్ము దెబ్బతో కలిసీలాగ ముందే నొక్కీయాల. నెల్రోజులు ఈ పాటే లెక్కెట్టుకుంది, అన్నం తింతన్నా అదే లెక్క.”

“ఓర్నాయనో! అటు సూడు బావా! మా స్టీల్ ప్లాంట్‌లో కరిగిన ఇనుము వదిల్తే ఇలాగే రవ్వలెగుస్తాయి. గాని ఇంత అందం నానెప్పుడూ సూడ్నేదు.”

“రవ్వలు నాకూ కనిపించాయి. అది సెప్పక్కర్నేదు.”

“మరేటి సెప్పమంటావు?”

“డ్రమ్ము నాకు వినిపించనేదు బావా. పేలుడు దాంతో కలిసిందా?”

“నాను ఒక్క సప్పుడే విన్నాను. అందులో డ్రమ్మేదో, మన పిల్ల పేల్సిందేదో సెప్పమంటే నా వల్ల కాదు.”