రెండో పటంలో బట్టతల

అరబ్బు దేశంలోని అల్ ఖూజ్‌లో బోర్డులూ బొమ్మలూ తయారుచేసే షెడ్డు అది. ఇటాలియన్ హోటల్ గోడకు పోవలసిన రెండు పెద్ద పటాల ముందు పెయింటర్ పర్శరాములు, ఫోర్మన్ హయాత్ బాషా నిలబడ్డారు. ముదీర్ అని అందరూ పిలిచే మేనేజరు రత్నాకర్ చూడటానికి వస్తున్నాడని కబురందింది, పాపం బాషాకు అప్పుడే ముచ్చెమటలు పోస్తున్నాయి.

“తుడిచేయ్ పర్శరాములూ. ఆ బట్టతల తుడిచేయ్.”

“ఎందుకు బాషా భాయ్? మంచిగనే ఉన్నది గద.”

“ముదీర్ సారు మొగం అచ్చంగా దించిపెట్టి మంచిగుందంటావేందప్పా. మొదటి పటం చూడు, ఎంత నెమ్మదిగా ఉందో. వెనకంతా బంగారు రంగు. అందరిదీ ఒకే మొగం. ఎవురికీ కోపం రాదు.”

“అది వెనుకటి తరీఖ, పాత పద్ధతి భాయ్. ఆడ దొర ఇంత పెద్దగుంటడు, వడ్డించెటోడు నా ఏలంత ఉంటడు. మా దిక్కు కథలు జెప్పెటోళ్ళ పటాలల్ల గూడ గంతే.”

“మరి ఆ బల్లేంది, నిలువుగా లేచింది? చేపలు జారి కింద పడేటట్టుండాయి.”

“పల్లెంల ఏమున్నదో అందరికి కనవడాలె గద. ఒకటే విందు రెండు తీర్ల గీయమన్నది హోటల్ డిజైన్ జేసే సుభాషిణి మేడం. గీ రెండోది యూరప్‌ల బొమ్మలు మారినంకటిది. గీతలన్ని దూరం పొయ్యి ఒక్క కాడ కలుస్తయి. దగ్గరోడు పెద్దగ, దూరపోడు చిన్నగ, దొరైనా సరె. కిటికిల నుంచి ఎలుగొస్తె ఇటుదిక్కు నీడ.”

“నీడ ఉండనీ. నేననేది బల్ల కాడ కూర్చున్న ఆ బట్టతలోడి గురించి.”

“ఆ కాలపోళ్ళు సాధువును గీయాల్నన్నా పక్కింటోన్నే సూసి గీసిండ్రట భాయ్. ముడుతలు, పులిపిర్లు, అన్ని. మనిషిని మనిషి లెక్కనే గీయాలె అన్నది మేడం.”

“అందుకని సారునే గీస్తావా? చూడు ఆ పక్క మొగం. ఆ ముక్కు. పక్కోడి పల్లెం మీదే కన్ను. ఒకరికి చాయ్ ఇప్పించిన మొగమేనా అది?”

“మీకు గట్ల కనవడుతున్నదా?”

“రోజూ చూస్తాండా కదా. పనిచేసేవాళ్ళ నెత్తిన నిలబడి గొణిగే మొగం. ఎవర్ని చూసి గీసినావు?”

“ఎవరినని సూస్త. ఎదురుంగ ఎవరుంటే వాళ్ళనే...”

“సారు నీ ఎదురుగా ఎప్పుడు నిలబడినాడు?”

“రంగు ఇంక ఆరలే భాయ్. ముట్టకుండ్రి.”

“మాట మార్చొద్దు. సెలవు అడిగినావు, మర్చిపోయినావా?”

“ఎట్ల మరుస్త. నా బిడ్డ నడుసుడు నేర్సింది. ఫోన్లనే సూసిన. ఒక్కపారి గూడ ఎత్తుకోలే.”

“మరి ఇదేం పని? నేనే అయింటే, నా మొగం ఇట్ల గీసినోడికి జన్మలో సెలవియ్యను. ఖలాస్.”

“నిజంగనా భాయ్?”

“అల్లా తోడు.”

“అయితె... జరంత జుట్టు పెడ్త. నల్లగ.”

“యల్లా, పెట్టు తొందరగా. ఇదిగో కుంచె. అయ్యో, వచ్చేసినాడు. సలాం సార్.”

“ఆ, ఆ. పక్కకు జరగండయ్యా, చూడనివ్వండి. బాగుంది, పాతది పాతలా ఉంది, కొత్తది కొత్తలా ఉంది. ఆ కుంచె ఎందుకు పర్శరాములూ?”

“బట్టతల మీద జుట్టు పెడ్దామని సార్. బాషా భాయ్ జెప్పిండు.”

“సార్, వాడు తెలియక గీసినాడు సార్. మార్చేస్తాడు. మీరు మనసులో పెట్టుకోవద్దు.”

“నేనెందుకు పెట్టుకుంటాను? అచ్చు గుద్దినట్టు దించాడు. ఒక్క వెంట్రుక కూడా పెట్టొద్దు. బాషా, ఆ టోపీ తీసి ఇలా పక్కకు తిరుగు. ఇంకాస్త. అదిగో, ముక్కు కూడా నీదే.”

“నాదా సార్?”

“పొద్దస్తమానం అతని ఎదురుగా నిలబడేది నువ్వే కదయ్యా. ఎవరి పక్క మొహం వాళ్ళకేం తెలుస్తుందిలే.”

“సార్... నా సెలవు...”

“నన్నడక్కు పర్శరాములూ. ఇవాళ్టి నుంచి సెలవులన్నీ ఫోర్మన్ల చేతుల్లో పెట్టేశాను. బాషానే అడుగు.”