గేటుకు కట్టిన వేపమండ

అధ్యక్షస్థానంలో ఉన్న ప్రెస్సు యజమాని జగన్మోహన్ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, ఇన్నేళ్ళూ నేను వస్తే కుర్చీ వేసి, వెళ్ళాక 'హమ్మయ్య' అనుకున్న మిత్రులందరికీ నమస్కారాలు. (నవ్వులు)

శానిటరీ ఇన్‌స్పెక్టరు ధర్మారావు సేవలు మరువరానివని ఇందాక వక్తలు పొగిడారు. అయ్యా, నేను చేసింది తిరగడమే. అశోక్‌నగర్ నుంచి నారాయణగూడ దాకా పిండిమిల్లులనీ, ప్రెస్సులనీ, హోటళ్ళనీ తిరిగి, మంచినీళ్ళ కుండలో చెయ్యి ముంచవద్దనీ టీకా వేయించుకోమనీ చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది. కిషన్ రావు గారూ, మీ హోటల్లో ఇంకా ముంచుతూనే ఉన్నారు, పొద్దున చూశాను. (నవ్వులు) పోనివ్వండి, రిటైరయ్యాను, ఇక మీకూ నాకూ విశ్రాంతి.

మశూచి సంగతి మీకు తెలియనిది కాదు. ఇంట్లో అమ్మవారు పోస్తే ఎవరూ పైకి చెప్పరు; గుమ్మానికి వేపమండ కట్టుకుని, పనిచేసే చోటికి మాత్రం "ఊరికి పోయిండు" అని కబురు పెడతారు. అందుకే మనమంతా ఇదే హాల్లో కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఏమీ చెప్పక్కర్లేదు, ఎవరింట్లో అమ్మవారు ఉంటే వాళ్ళు పనిచేసే చోట, మేస్త్రీ చూస్తుండగా, గేటుకు ఒక వేపమండ కట్టి వెళ్ళిపోవాలి. మేస్త్రీ నాకు కబురు చెయ్యాలి, నేను టీకాలు పట్టుకుని రావాలి, కట్టినవాడి పని మాత్రం పోకూడదు. యజమానులందరూ సరేనన్నారు.

ఈ వేసవిలో జగన్మోహన్ గారి ప్రెస్సులో మిషను నడిపే ఈదయ్య కట్టాడు. అతని భార్య బుగ్గమ్మకు పోసింది. ప్రెస్సులో ఆ రోజే అందరికీ టీకాలు వేశాం, ఇంకెవరికీ రాలేదు. బుగ్గమ్మ బతికి బట్టకట్టింది. తీరా ఈదయ్య పనికి వెళితే, అతని మిషను దగ్గర వేరే మనిషి నిలబడి ఉన్నాడు.

మా ఇంటికొచ్చి, "సారూ, నువ్వు చెప్తేనే గద కట్టిన. ఊరికి పోతున్న అంటే నా పని నాకుండు గద," అన్నాడు. తల కొట్టేసినట్టయింది. ఆ తరువాత ఈ చుట్టుపక్కల ఏ గేటుకూ ఎవరూ వేపమండ కట్టలేదు. జబ్బు పోయి కాదు. మొన్న రాంనగర్‌లో ఇల్లిల్లూ తిరిగితే, దాచిపెట్టిన రోగులు ఇద్దరు కనబడ్డారు. వాళ్ళ అన్నదమ్ములు రోజూ పనికి వెళ్ళివస్తున్నారు.

అధ్యక్షుల వారూ, శాలువా తీశారు, సంతోషం. జర ఆగండి. నా తరువాత వచ్చే ఇన్‌స్పెక్టరు మాట ఇక్కడ ఎవరు నమ్ముతారు? ఈదయ్యను రేపు పనిలోకి రమ్మంటారా? (అధ్యక్షులు తలూపారు) తలూపితే వెనకాల నిలబడ్డ ఈదయ్యకు కనబడదండీ. ఇదిగో మైకు.

(అధ్యక్షులు: "రేపు రమ్మనండి.")

విన్నావా ఈదయ్యా? నువ్వొక్కడివే కాదు, హాలంతా విన్నది. ఇక శాలువా కప్పండి. అందరికీ కృతజ్ఞతలు. కాళ్ళు పీకుతున్నాయి, ఇంటికి పోయి పడుకుంటాను. సెలవు.