జములమ్మ పోసిన నీళ్లు

కూసో బిడ్డా, గా మంచం మీద కూసో. ఆ పక్కకు నులక తెగింది, ఇటు జరుగు. ఏమడిగినవ్, మీ అమ్మమ్మ ముచ్చటనా? ఆఁ... జములమ్మ ముచ్చటంటే యాడికెళ్లి మొదలువెట్టాలె. ఆమె పోయేనాటికి నువ్వు పాలు తాగే పిల్లవు. మీ అమ్మ హెప్సిబా ఏం చెప్పలేదా? చెప్పదులే, ఆమె పేరు తీస్తెనే మీ అమ్మ లేచి లోపటికి పోతది. పేరంటే యాదికొచ్చింది, ఆమె పోయేది చర్చికి, పేరేమో జములమ్మ. పుట్టిల్లు గద్వాల దిక్కు. పిల్లలు నిలుస్తలేరని వాళ్లమ్మ గాడి జములమ్మ తల్లికి మొక్కుకుంటే పుట్టిందంట. అటెన్క ఇంటిల్లిపాది యేసుప్రభువును నమ్ముకున్నరు. పాస్టరు పేరు మార్చుకోమంటే, "పిలిస్తె పలుకుతున్న గద అయ్యా, ఇంక కొత్త పేరెందుకు" అన్నదంట. గట్ల మనిషి. నా కన్న జర పెద్దది, నేను అక్కా అనేటోన్ని. సుట్టరికమేం లేదు, కూలికి కలిసి పోయినోళ్లం, గంతే.

గా యాడాది ఎండలు... ఇప్పటి ఎండలు గూడ ఎండలేలే. ఉపాధి పని నడుస్తుండె. తిమ్మాజిపేట ఇడిసి జర లోపలికి పోతే గుట్ట వస్తది సూడు, దాని కింద కందకాలు తవ్వుతుంటిమి. ఇప్పుడు గాడ మామిడితోట వెట్టిండ్రు, గప్పుడు ఒట్టి రాళ్లు. చెట్టంటే ఒక్క కానుగ చెట్టు. సాంసన్ మాకు మేటు, పని చేపిచ్చేటోడు. మంచోడే, నోరే జర పెద్దది. నాకు పొద్దుగాల్నుంచే తలకాయ దిమ్మువట్టినట్టుండె. గడ్డపార లేపుతుంటె నా చెయ్యి నాది గానట్టు, ఎవరిదో తెచ్చి అతికిచ్చినట్టు. ఇగ మాటలు మొదలువెట్టిన్నంట. "పుట్టి ఒడ్డుకొచ్చిందా, ఎక్కుదామా" అని అడుగుతున్ననంట. గుట్ట కాడ ఏరు దాటే పుట్టి యాడికెళ్లి వస్తది! అందరు పడి పడి నవ్విండ్రు. సాంసన్ ఏమన్నడు, "ఏం బాలకిష్టయ్యా, పొద్దుగాల్నే కల్లు గట్టిగ పట్టిచ్చినట్టున్నవ్ గదా" అన్నడు. నేను కల్లు తాగుతనని ఊరందరికి ఎరికే. కని గా దినం సుక్క ముట్టలేదు బిడ్డా. గా మాట చెప్పెతందుకు నాలిక తిరుగుతలేదు.

మీ అమ్మమ్మ ఒక్కతే నవ్వలేదంట. పార పడేసి ఉరికొచ్చి నా మెడ మీద చెయ్యి వెట్టింది. "పెనం కాలినట్టు కాల్తుండు. గింత ఎండల చెమట సుక్క లేదు. ఇది కల్లు గాదు, వడదెబ్బ!" అని ఒర్లింది. నేను గప్పటికే కూలవడ్డ. కాళ్లు చేతులు వట్టి కానుగ చెట్టు నీడకు మోసిండ్రు. ఆమెనే నా అంగి ఇప్పింది. డ్రమ్ముల తాగే నీళ్లు తీసి నెత్తి మీద, మెడ మీద, సంకల కింద కుమ్మరిచ్చుడు షురూ చేసింది. ఒకామె పాపం, చెంబుతోని నా నోట్ల పోయవోయింది. గద్వాల దిక్కు మనిషి గదా, మీ అమ్మమ్మకు గాబరా అయితే కన్నడం వచ్చేది. "బ్యాడ, బ్యాడ! సోయి లేనోనికి నోట్ల పోస్తే ఊపిరికి అడ్డం వడతది, పొయ్యకు" అని చెంబు గుంజుకుంది. గంతల సాంసన్, "అక్కా, నీళ్లన్ని గాయనకే పోస్తే ఇంతమందిమి ఏం తాగాలె? ఊరేమన్న దగ్గరుందా?" అన్నడు. ఆమె తలకాయ గూడ ఎత్తలేదంట. "దూపకు నువ్వు ఓర్చుకుంటవ్ సాంసన్. ఈయన ఓర్చుకోడు." గంతే. ఇగ సాంసనే వచ్చి డ్రమ్ము వంచిండు. మా ఇంటెనక వాళ్ల కొత్త కోడలు వనజ, సెల్లుకు సిగ్నల్ దొరకాలని ఉత్త కాళ్లతోని గుట్టెక్కి, 108కు ఫోన్ చేసిందంట.

గివన్ని వాళ్లు చెప్పంగ విన్నయి. నాకేం తెల్వదు. నేను యాడున్ననో చెప్పాల్నా? కృష్ణా ఏట్ల ఉన్న. చిన్నప్పుడు మా నాయినతోని పుట్టి ఎక్కి ఏరు దాటింటి, గా పుట్టిలనే ఉన్న. గుండ్రంగ తిరుగుతుంటది సూడు, మనం తిరుగుతున్నమో, ఒడ్డు తిరుగుతుందో ఎరుకగాదు. నీళ్లు తెల్లగ, మొగులు తెల్లగ, రెంటి నడుమ గీత లేదు. ఎవరో కుండల తలకాయ వెట్టి మాట్లాడుతున్నట్టు ఎక్కడ్నో మాటలు. నాకు అవతలికి పోబుద్ధి అయితుంది బిడ్డా. భయమేం లేదు, మస్తు హాయిగుంది. ఇప్పుడు తల్సుకుంటే గా హాయికే భయమైతది. గంతల వాన వడ్డది. ఎండలనే వాన. కండ్లు జర తెరిస్తె పైన రంగులు ఊగుతున్నయి, పసుపు, నీలం, ఎరుపు... ఎవరో మొగులంత చీరెలు ఆరేసినట్టు. ఆడోళ్లు కొంగులు తడిపి నాకు విసురుతున్నరని నాకేం ఎరుక! గా రంగుల నడుమ ఒక మొఖం. "బాలకిష్టా, ఇటు సూడు. అటు సూడకు, నన్నే సూడు" అంటుంది. పుట్టి ఆగింది. ఎట్ల ఆగిందో తెల్వదు.

నాగర్‌కర్నూల్ దవాఖానల పండుకోవెట్టిండ్రు. తొవ్వల గూడ తడి గుడ్డలేసుకుంటనే తెచ్చిండ్రంట. "చల్లవరుచుకుంట తెచ్చిండ్రు కాబట్టి దక్కిండు" అన్నడంట డాక్టరు. మీ అమ్మమ్మ సూడనీకి వచ్చింది, బత్తాయిలు తెచ్చింది. ఒలుస్తుంటే అడిగిన, "నీకెట్ల ఎరుకైందక్కా?" అని. తొనల మీది తెల్ల పీసు ఒక్కొక్కటే తీస్తుంది. "నాకొక తమ్ముడుండె, స్టీఫెన్" అన్నది. "పెండ్లిగాక ముందు పుణె దిక్కు పనికి పోతిమి. ఎండల సిమెంటు బస్తాలు మోసి మోసి పిచ్చి పిచ్చి మాట్లాడవట్టిండు. మేస్త్రీ తాగిండు అన్నడు, రేకుల షెడ్డుల పండవెట్టమన్నడు. పండవెట్టిన. దుప్పటి గూడ కప్పిన. పాణం పోయినంక ఒక నర్సమ్మ చెప్పింది, నీళ్లు పోసి చల్లవరిస్తే బతుకుతుండెనేమో అని." దుప్పటి గూడ కప్పిన అని గా మాట ఇంకోసారి అన్నది, నాతోని గాదు, బత్తాయితోని అన్నట్టు. నేను తొన నోట్ల వెట్టుకున్న. తియ్యగనే ఉండె.

అటెన్క ఆమెకు ఆయాసం, దమ్ము వట్టింది. సిమెంటు దుమ్ము ఊకె పోతదా లోపల్నుంచి. మీ అమ్మ కొత్తకోటకు తోల్కపోయి ఇంట్ల వెట్టుకుంది. సూసొద్దామని పోయిన ఒక పొద్దు. ఆమె జరమొచ్చి మగతగుండె. కిటికీల ఎండ వచ్చి గోడ మీద నీళ్లలెక్క కదుల్తుండె. నా అడుగు సప్పుడు ఇని కండ్లు సగం తెరిచింది. "స్టీఫెన్, వచ్చినవారా?" అన్నది. మీ అమ్మ, "మామ గాదమ్మా, గీయన..." అనవోతుంటె నేను చెయ్యి అడ్డం వెట్టిన. మంచం పక్కన కూసున్న. "వచ్చిన అక్కా" అన్న. "ఎండల తిరుగుతున్నవా?" "లేదక్కా, నీడకే ఉన్న. సల్లగుంది ఈడ." గప్పుడు నవ్వింది బిడ్డా. ఆమె గట్ల నవ్వంగ నేనెన్నడు సూడలేదు. చిన్న పోరి లెక్క...

...

చాయ్ తాగుతవా? పాలున్నయో లేవో, సూస్త ఉండు.