బాయిల దొరికిన మెరుపురాళ్లు

"నాయినమ్మా, మన బాయి తవ్వినప్పుడు వజ్రాలు దొరికినయంట గద, నిజమేనా?"

వజ్రాలా! ఎవలు చెప్పిండ్రే నీకు? మీ నాయిన చెప్పి ఉంటడు. గప్పుడు వాడు నా సంకల ఉండె, వానికేం ఎరుక. కూసో, చెప్త.

నాది హుస్నాబాద్ దిక్కు గద. మా అవ్వగారింటి కాడ ఎటు జూసినా పెద్దపెద్ద గుండ్లే. పలిగిన కాడ కాకిబంగారం తళతళ మెరిసేది. చేన్ల తెల్లటి పలుగురాళ్లు ఏరి గట్టు మీద పోసేటోళ్లం. ఈడ ఆదిలాబాద్ దిక్కు ఇచ్చోడకు కోడలిగ వచ్చినంక చూస్తే అంత నల్లరేగడి, కింద నల్లరాయి. మా అత్తేమో సగం మరాఠి మాట్లాడేది, నాకు సమజే కాకపోయేది... ఆఁ, బాయి ముచ్చట గద.

రెండేండ్లు వానల్లేవు. మీ తాత, నేను, మా మరిది, ముగ్గురం బాయి తవ్వుడు షురూ జేసినం. ఎనిమిది గజాలు... కాదు కాదు, పది గజాలు దిగినం. చుక్క నీళ్లు లేవు. నీళ్లు పడకుంటే చేను ఇడిసిపెట్టి కూలికి పోవుడే.

ఒకనాడు మీ తాత గడ్డపార ఏస్తే రాయి పలిగింది. లోపలంత డొల్ల. డొల్ల నిండ అద్దం లెక్క మొనలు. పక్క దాంట్లనేమో తెల్లటి సూదులు, కుచ్చు గట్టినట్టు. "వజ్రాలే ఇవి!" అన్నడు. కండువతోని తుడిచి తుడిచి చూసిండు.

ఇగ కిందికి తవ్వుడు బంద్. గా మెరుపుల కోసం పక్కలకు బొరియలు పెట్టవట్టిండు. ఒక పొద్దు అంచు కూలి ఇంత పెద్ద పెళ్ల పడ్డది, మా మరిదికి జానెడు దూరంల. నా పానం పోయినంత పనైంది. "వద్దయ్యా, నీ కాళ్లు మొక్కుత" అంటే ఇనడు. "ఒక్కటి అమ్ముడువోతే మన బతుకే మారుతది, నీకేం తెలుసు?" అని కసిరిండు.

తెల్లారి ఇంట్ల చెప్పకుంట, మీ నాయినను సంకనేసుకొని, కొంగుల రెండు తీర్ల రాళ్లు మూటగట్టుకొని ఆదిలాబాద్ బస్సెక్కిన. ఆడ కాలేజిల రాళ్ల సదువు చెప్పే సారు ఒకాయన ఉన్నడని ఇన్న. సారు మొనల రాయిని అటుఇటు తిప్పి చూసి, నా పుట్టిల్లు ఏదని అడిగి, "అమ్మా, ఇది వజ్రం కాదు. మీ పుట్టింటి కాడ పలుగురాయి ఉంటది గద, గదే ఇది" అన్నడు. సూదుల దానికేదో పేరు చెప్పిండు, జియోలైటో గియోలైటో. ఇసుక, పలుగురాయి, కాకిబంగారం, మా నల్లరాయి, అన్నీ ఒక్క ఖాన్‌దానేనట, ఒక్కింటివేనట. సిలికేట్లు అంటరట.

నాకు ఏడుపాగలే. సారు మంచినీళ్లిచ్చి, "ఎంత లోతుల దొరికింది? రాయి గట్టిగున్నదా, పొడిపొడి అయితున్నదా?" అని అడగవట్టిండు. ఆదివారం తనే వచ్చిండు బిడ్డా. తాడు పట్టుకొని బాయిల దిగిండు. గోడకు చెయ్యి పెట్టి చూసి, మీ తాతను పిలిచిండు.

"ఈ రాయి ఒకప్పుడు జొన్న గట్క లెక్క కుతకుత ఉడికింది. బుడగలు గట్లనే డొల్లలైనయి. తర్వాత వాటిల్లకు నీళ్లు పారంగ పారంగ గీ మెరుపురాళ్లు పెరిగినయి. ఈడ రాయి పుచ్చిపోయి ఉన్నది, చెమ్మ గూడ తాకుతున్నది. పక్కలకు తవ్వకు, కూలుతది. నీళ్లు పడతయని మాటియ్యలేను గని, నా చేనైతే నేను కిందికే తవ్వుత."

మీ తాత రెండ్రోజులు బాయి దిక్కే పోలే. మూడోనాడు గడ్డపార భుజానేసుకొని పోయిండు. మళ్ల కిందికే తవ్విండ్రు. ఇంకో రెండు గజాలు పోయిండ్రో లేదో, బాయిలకెల్లి ఒకటే కేక. నేను ఉరికిన. మడిమెల దాక బురదనీళ్లల్ల నిలబడి, ఆ నీళ్లే మొఖం మీద సల్లుకుంట చిన్నపిల్లగాని లెక్క నవ్వుతుండు మీ తాత. "సల్లగున్నయే! నువ్వు సారు కాడికి పోకుంటే నేను మా తమ్మున్ని సంపుకుందునే!" అన్నడు.

సారుకు జొన్నలు, ఒక కోడి తీస్కపోయినం. తీసుకోలే. "ఒకనాడు వచ్చి మీ బాయి నీళ్లు తాగిపోత" అన్నడు. వచ్చిండు గూడ. రెండు చెంబులు తాగిండు. ఎవలం బిడ్డా మేం ఆయనకు? వజ్రమా అని నవ్వి పంపియ్యచ్చు. కాదని చెప్పి ఊకోవచ్చు. అంత దూరమొచ్చి బాయిల దిగే పనేముండె? ఏ దేవుని దగ్గర దీపం పెట్టినా ఆయన పేరు అనుకుంట.

నువ్వు సల్లగుండు తల్లీ. సదువుకో. నీ దగ్గరికి ఎవలన్న ఏడ్చుకుంట వస్తే, ఉన్నదున్నట్టు చెప్పు, చెప్పి జర దూరం వాళ్లెంట నడువు. ఇగ గంతే... గంతేనే బిడ్డా...